లైకా కూడా ఆడదే!

మీ పిల్లల జి.కె. పుస్తకం ఎప్పుడైనా తిరగేశారా? మన కాదంబిని, చంద్రముఖి కలకత్తాలో బి.ఏ. పట్టా పుచ్చుకున్నది 1883లో. ఆక్స్‌ఫర్డ్ ఆడవాళ్ళకి డిగ్రీలిచ్చింది 1920లోనండీ! కేంబ్రిడ్జి అయితే 1948 దాకా కదల్లేదు. మగవాళ్ళే ఆడవేషాలు కట్టే రోజుల్లో సురభి నాటకాలవాళ్ళు తమ ఇంటి ఆడవాళ్ళని రంగస్థలం ఎక్కించారు.

అన్నట్టు, భూమి చుట్టూ తిరిగిన మొదటి ప్రాణి లైకా కూడా ఆడదే. పుస్తకంలో ఆ ఒక్క ముక్కే ఉంటుంది. అది మాస్కో వీధికుక్క. ఆకలికీ చలికీ ఓర్చుకుంటుందనీ, ఇరుకు గదిలో కాలెత్తే గొడవుండదనీ ఆడకుక్కని ఎంచుకున్నారట! 1957 నవంబరు 3న పంపించారు. తిరిగి దింపే ఏర్పాటే లేదు. పాపం, కొన్ని రోజులు బతికిందని చాలాకాలం చెప్పారు. వేడికి తాళలేక కొద్ది గంటల్లోనే పోయిందని 2002లో గానీ బయటపడలేదు.