మురుగునీటిలో మందు

పరీక్షనాళికలోని ద్రవం రాత్రి బియ్యం కడిగిన నీళ్లలా మడ్డిగా ఉంది. అందులో జిగట విరేచనాలు తెచ్చే బ్యాక్టీరియా కోట్ల సంఖ్యలో ఉంది. రోగి మలాన్ని సన్నటి వడపోత గుండా వడకట్టగా దిగిన నీటిని ఫెలిక్స్ డెరెల్ దానిలో కలిపి పెట్టాడు. పొద్దున వచ్చి చూస్తే ద్రవం తేటపడి ఉంది. పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో పనిచేసిన ఈ శాస్త్రవేత్త, బ్యాక్టీరియాను కరిగించేస్తున్న ఆ కంటికి కనబడని జీవికి 1917లో బ్యాక్టీరియోఫేజ్ అని పేరు పెట్టాడు. బ్యాక్టీరియాను తినేది అని అర్థం. ఇప్పుడు ఫేజ్ అనేస్తున్నారు.

నిజానికి అది తినదు. ఫేజ్ ఒక వైరస్. తనకు సరిపడే బ్యాక్టీరియా దొరికితే దాని ఒంటిని పట్టుకుని, తన జన్యుపదార్థాన్ని లోపలికి దింపుతుంది. ఆపైన బ్యాక్టీరియా పనంతా ఫేజ్ పిల్లల్ని తయారుచేయడమే. కొన్ని రకాల్లో అరగంట తిరిగేసరికి వందకు పైగా పుట్టి, గోడ పగలగొట్టుకుని బయటపడతాయి. మన కణాల జోలికి మాత్రం రావు.

పెన్సిలిన్ వచ్చాక పాశ్చాత్య వైద్యం ఫేజ్‌లను పక్కన పెట్టేసింది. జార్జియా రాజధాని తిబిలిసిలో జార్జి ఎలియావా 1923లో స్థాపించిన సంస్థ మాత్రం ఆ విద్యను వదలకుండా కాపాడుకుంది. యాంటీబయాటిక్‌ల వైభవంలో మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావుకూ భాగముంది. ఆయన పరిశోధనలకు సారథ్యం వహించిన లెడర్లీ సంస్థ నుంచే 1948లో ఆరియోమైసిన్ వచ్చింది.

అంతటి మందుల్ని మనం ఏం చేశామో హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరు చెబుతుంది. మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాలు శుద్ధయి బయటికొచ్చే చోట నీటిని స్వీడన్ పరిశోధకులు పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రకటించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ తేలింది. ఆ మాత్ర వేసుకున్న మనిషి రక్తంలో కూడా అంత ఉండదు! అలాంటి నీటిలో మందుకు లొంగే బ్యాక్టీరియా చస్తుంది, లొంగనిది వర్ధిల్లుతుంది. మందుకు లొంగని ఇన్ఫెక్షన్ల వల్లే 2019లో ప్రపంచంలో 12 లక్షల 70 వేల మంది చనిపోయారని అంచనా.

అయితే మొండి బ్యాక్టీరియా ఉన్న మురుగులోనే దాన్ని వేటాడే ఫేజ్ కూడా ఉంటుంది. అమెరికా ప్రొఫెసర్ టామ్ పాటర్సన్‌ను బతికించింది అదే. 2015 చివర్లో ఈజిప్టు యాత్రలో ఆయన జబ్బుపడ్డాడు. ఒంట్లో చేరిన మొండి బ్యాక్టీరియా ఎసినెటోబ్యాక్టర్‌కు ఏ యాంటీబయాటిక్ పనిచేయలేదు, మనిషి కోమాలోకి జారాడు. ఆయన భార్య, అంటువ్యాధుల నిపుణురాలు స్టెఫనీ స్ట్రాత్‌డీ, ఫేజ్ పరిశోధకులకు ఈమెయిళ్లు రాసి సాయమడిగింది. మురుగు నుంచి, ఇంకా ఇతర చోట్ల నుంచి సేకరించిన ఫేజ్‌లను 2016 మార్చిలో ఎక్కించారు. కొద్దిరోజుల్లోనే ఆయన కళ్లు తెరిచాడు.

ఆ బ్యాక్టీరియా ఫేజ్‌లకూ ఎదురుతిరిగింది. నాకు అన్నిటికన్నా ఆశ కలిగించేది ఆ తర్వాతి కథే. ఫేజ్‌ను తప్పించుకోవాలంటే బ్యాక్టీరియా చాలాసార్లు తన పైతొడుగును వదులుకోవాలి. తొడుగు పోయిందా, మన రోగనిరోధక శక్తికి, ఒక్కోసారి పాత యాంటీబయాటిక్‌కు కూడా దొరికిపోతుంది.

ఫేజ్ సర్వరోగ నివారిణి కాదు. ఒక ఫేజ్ ఒకట్రెండు రకాలకే పనికొస్తుంది, ప్రతి రోగికీ సరిపోయేదాన్ని వెతకాలి. అందుకే వేల ఫేజ్‌లను ముందే పట్టి, గుర్తించి, దాచిపెట్టే భాండాగారాలు కావాలి. మన పెద్దాసుపత్రుల మురుగుకాల్వల దగ్గర ఆ సేకరణ ఇప్పుడే మొదలుపెట్టాలి.