టీకొట్టు బిస్కెట్టు, టేకు దుంగల కంపెనీ

కూలిరేట్ల గురించి మాట్లాడడానికి ఏ వూరు పోయినా ముందు టీకొట్టు దగ్గర కూర్చోవడం మాకు అలవాటు. గ్లాసుడు టీ, అందులో ముంచుకోవడానికి రెండు బిస్కెట్లు. తెల్లారకుండా లేచి నాట్లకు పోయే ఆడకూలీకి చాలా రోజులు అదే పొద్దుటి తిండి. మొన్న అలా కూర్చున్నప్పుడు బిస్కెట్టు కాగితం అటూ ఇటూ తిప్పి చూస్తూ ఒక కుర్రవాడు అడిగాడు: "అన్నా, ఈ బ్రిటానియా కంపెనీ తెల్లోళ్లదా, మనోళ్లదా?"

"ఇప్పుడు వాడియాలనే బొంబాయి కుటుంబానిది. అందులో సగానికి పైగా వాటాలు పెట్టుకుని కూర్చున్నది మాత్రం ఒక పాత కలప కంపెనీ" అన్నాం.

పక్కన కూర్చున్న పెద్దామె వూరుకోలేదు. "బిస్కెట్టుకీ కలపకీ యేం పని నాయనా? రంపప్పొట్టు గాని కలుపుతున్నారా?" అంది. అందరూ నవ్వారు.

పొట్టు కలపడం లేదుగాని, ఆ కంపెనీ కథ మాత్రం మన కూలీలంతా తెలుసుకోవలసిందే. ఆ రోజు టీకొట్టు దగ్గర చెప్పిందే కాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నాం.

పెద్ద కంపెనీలు, పాత అడితీలు

పెద్ద పెద్ద కంపెనీల పుట్టుక తవ్వితే అడుగున చెట్టు మొద్దు బయటపడడం కొత్తేమీ కాదు. నోకియా పేరు వింటే మనకు సెల్‌ఫోను గుర్తుకొస్తుంది. 1865లో ఫిన్లాండు దేశంలో ఫ్రెడ్రిక్ ఇదెస్తాం అనే ఇంజనీరు కట్టిన కలపగుజ్జు మిల్లుతో అది మొదలైంది. కాగితం తయారీకి కావలసిన గుజ్జు అన్నమాట. విమానాలు చేసే బోయింగ్ కంపెనీని 1916లో అమెరికాలో పెట్టిన విలియం బోయింగ్ కలప వ్యాపారి. వాళ్ల నాన్నదీ కలప వ్యాపారమే. అడవిలో పుట్టిన డబ్బు ఆకాశానికి ఎగిరింది.

అవి దూరపు సంగతులు. మన టీకొట్టు దాకా వచ్చిన కంపెనీ పేరు బొంబాయి బర్మా ట్రేడింగ్ కార్పొరేషన్. వాలెస్ సోదరులనే స్కాట్లాండు వర్తకులు 1863లో దాన్ని బొంబాయిలో పెట్టారు. పెట్టుబడి బొంబాయిది, సరుకు బర్మా అడవులది. ఆ సరుకే టేకు.

టేకుకు అంత గిరాకీ యెందుకు? ఓడలు కట్టాలన్నా, రైలు పట్టాల కింద స్లీపర్లు వెయ్యాలన్నా అంతకు మించిన కలప లేదు. నీటికి చీకదు, చెద పట్టదు. ఆ కాలంలో ఓడలు, రైళ్లు యెవరి చేతిలో వుంటే రాజ్యం వారిది.

దుంగ వెనుక చెమట

టేకు చెట్టును పచ్చిగా కొడితే నీళ్లలో మునిగిపోతుంది. అందుకని మొదలు చుట్టూ బెరడూ తెల్లకలపా తెగేలా గాడి కొట్టి నిలువునా చంపేవారు. రెండు మూడేళ్లు అలాగే ఎండనిచ్చి తర్వాత నరికేవారు. ఏనుగులు దుంగల్ని వాగుల దాకా ఈడ్చేవి. వానాకాలం వరద వస్తే దుంగలు కదిలేవి. పెద్ద నదిలోకి చేరాక తెప్పలు కట్టి ఐరావతి మీద, సిట్టాంగ్ మీద కిందికి తోలేవారు. గాడి కొట్టిన చెట్టు రంపం మిల్లు చేరడానికి యేళ్లు పట్టేది. ప్రతి దుంగ మీదా సుత్తితో కంపెనీ ముద్ర కొట్టేవారు. గాడి కొట్టిన చెయ్యి, ఏనుగును తోలిన మావటి, వరదలో తెప్ప మీద ప్రాణం పెట్టుకు నిలబడ్డవాడు వీళ్ల ముద్ర మాత్రం యే దుంగ మీదా లేదు.

1852 నాటికే కింది బర్మా ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చింది. పై బర్మా మాత్రం మాండలేలో వున్న రాజు ఏలుబడిలోనే వుంది. అక్కడి నింగ్యాన్ అడవుల్లో టేకు కొట్టుకోవడానికి కంపెనీ రాజుతో ఒప్పందాలు చేసుకుంది. ఆ ఒప్పందాల ప్రకారం రాజుకు సొమ్ము కట్టాలి.

ఇక్కడ మొదలైంది తగాదా. తగాదా దేని మీద? కత్తుల మీద కాదు, లెక్క మీద.

ఇరవై మూడు లక్షల జరిమానా

కంపెనీ తక్కువ దుంగలు చూపించి ఎక్కువ తరలించిందనీ, తమకు రావలసిన సొమ్ము ఎగ్గొట్టిందనీ రాజుగారి మనుషులు పట్టుకున్నారు. ఒప్పందం ప్రకారమే కొట్టాం, తప్పేమీ చెయ్యలేదంది కంపెనీ. 1885 ఆగస్టులో మాండలేలోని మంత్రుల సభ విచారించి కంపెనీదే తప్పని తీర్పు చెప్పి, సుమారు 23 లక్షల రూపాయల జరిమానా వేసింది.

ఇప్పుడు ఆలోచించండి. మన వూళ్లో ఒక భూస్వామి పంచాయితీ సొమ్ము ఎగ్గొట్టాడు, పంచాయితీ జరిమానా వేసింది అనుకుందాం. ఆ భూస్వామి జరిమానా కడతాడా? ఠాణాకు కబురు పంపుతాడు. సరిగ్గా అదే జరిగింది. కాకపోతే ఇక్కడ కబురు వెళ్లింది ఠాణాకు కాదు, సామ్రాజ్యానికి.

1885 అక్టోబరు 22న ఇంగ్లీషు సర్కారు బర్మా రాజు తీబాకు తాకీదు పంపింది. మా దూత వచ్చేదాకా కంపెనీ మీద చర్య ఆపాలి, ఇక మీదట పరదేశాలతో మీ వ్యవహారాలు మేం చెప్పినట్టు నడవాలి అని అందులోని షరతులు. నవంబరు 10 గడువు. గడువు దాటగానే స్టీమర్ల మీద సైన్యం ఐరావతిలో పైకి బయలుదేరింది. నెలాఖరుకు మాండలే పడిపోయింది. తీబాను ముందు మద్రాసుకు, అక్కడినుంచి రత్నగిరికి తరలించారు. 1916లో అక్కడే పరాయి నేల మీద కన్నుమూశాడు. 1886 జనవరి 1న పై బర్మాను తమ రాజ్యంలో కలిపేసుకున్నట్టు ప్రకటించారు.

దుంగల తగాదా ఒక్కటే యుద్ధం తెచ్చిందని మేం అనడం లేదు. ఫ్రెంచివాళ్లు మాండలేలో పాగా వేస్తారన్న భయం వుంది. చైనాకు వ్యాపార మార్గం కావాలన్న ఆశ వుంది. పై బర్మాను కలిపేసుకోండని రంగూన్ వర్తకులు అంతకు ముందునుంచే గోల పెడుతున్నారు. ఆ నిప్పుకు ఎండుటేకు దొరికింది, అంతే. తీబా కూడా ప్రజల రాజేమీ కాదు. కాని ఒక దేశంలో వ్యాపారం చేసుకునే కంపెనీకి ఆ దేశపు తీర్పు నచ్చకపోతే ఆ దేశమే లేకుండా పోయింది. ఇది మాత్రం కాదనలేని చరిత్ర.

రంగం పోయిన మనవాళ్లు

ఈ కథలో మన తెలుగు కూలీల పాలు కూడా వుంది. గోదావరి జిల్లాల్లో, విశాఖ వైపు పాత తరం వాళ్లను అడగండి. "మా తాత రంగం పోయాడు" అనే ఇళ్లు ఇప్పటికీ కనబడతాయి. రంగం అంటే రంగూనే. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద బర్మాలో తెలుగువాళ్లను కోరంగీలు అనేవారు. పొట్ట చేతబట్టుకుని వెళ్లిన మనవాళ్లు రంగూన్ రేవుల్లో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో, రంపం మిల్లుల్లో పనిచేశారు, రిక్షాలు లాగారు. మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి ఓడ ఎక్కించేవాడు. ఆ అప్పు తీరేదాకా కూలి అతని చేతి మీదుగానే. ఇక్కడా లెక్క మేస్త్రీదే, వేలిముద్ర కూలీది.

1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఓడల యజమానుల తరఫున బర్మా కూలీలను పనిలోకి దించారు. సమ్మె తీరి మనవాళ్లు తిరిగి పనికి రాగానే బర్మావాళ్లను పొమ్మన్నారు. పస్తులున్న ఇద్దరు కూలీలు ఒకరి మీద ఒకరు పడ్డారు. వందమందికి పైగా చచ్చిపోయారు. చచ్చినవాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే. ఓడలకు మాత్రం సరుకు ఎక్కుతూనే వుంది. 1942లో జపానువాళ్లు రాగానే లక్షలాదిమంది భారతీయులు అడవుల వెంట, కొండల వెంట కాలినడకన ఇంటిదారి పట్టారు. దారిలో రాలిపోయినవారు వేలల్లో వున్నారు.

టేకు పోయి తేయాకు వచ్చింది

1948లో బర్మా స్వతంత్రమయింది. అడవులను కొత్త ప్రభుత్వం తన చేతికి తీసుకుంది. మరి కంపెనీ మూతబడిందా? లేదు. పెట్టుబడి ఒక చెట్టు ఎండితే ఇంకో చెట్టు మీద వాలే పిట్ట. అది అంతకు ముందే దక్షిణ భారతంలో తోటలు వేసింది. 1929లో తిరునల్వేలి జిల్లాలో సింగంపట్టి జమీందారు దగ్గర ఎనిమిది వేల ఎకరాలకు పైగా కొండ అడవిని 99 ఏళ్ల కౌలుకు తీసుకుంది. అడవి కొట్టి తేయాకు వేసింది. అవే మాంజోలై తోటలు. జమీందారీలు రద్దయ్యాయిగాని కంపెనీ కౌలు రద్దు కాలేదు. 2028 దాకా గడువు వుంది. మన కౌలురైతుకు ఒక్క యేడాది కాగితం రాసివ్వడానికి చేతులు రాని దేశంలో, కంపెనీకి తొంభైతొమ్మిదేళ్ల కౌలు!

తర్వాతి కాలంలో కంపెనీ వాడియాల చేతికి వచ్చింది. వీళ్ల పాత కథా టేకే. 1736లో సూరత్ నుంచి బొంబాయి వచ్చిన లవ్‌జీ నుస్సర్వాన్‌జీ వాడియా ఇంగ్లీషు కంపెనీకి ఓడలు కట్టే మేస్త్రీ. ఆ ఇంటివాళ్లు 1817లో మలబారు టేకుతో కట్టిన ట్రింకోమలీ అనే యుద్ధనౌక ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌లో నేటికీ నీళ్ల మీద వుంది. 1892లో కలకత్తాలో పుట్టిన బ్రిటానియా మీద వాడియాలకు 1990ల్లో పట్టు దొరికింది. టేకు దుంగల కంపెనీ బిస్కెట్టు దాకా వచ్చిన దారి ఇదీ.

తామ్రపర్ణి ఒడ్డున

మాంజోలై తోటల్లో ఆకు కోసేవాళ్లు ఎక్కువమంది దళితులు. కూలి పెంచమని 1998–99లో ఆందోళన చేస్తే వందలమందిని జైల్లో పెట్టారు. వాళ్లను విడిచిపెట్టండని, కూలి పెంచండని 1999 జులై 23న తిరునల్వేలిలో కలెక్టరు ఆఫీసుకు ఊరేగింపుగా పోయారు. పోలీసులు లాఠీలతో మీద పడ్డారు. జనం ప్రాణభయంతో తామ్రపర్ణి నదిలోకి దిగారు. 17 మంది చనిపోయారు. వాళ్లలో ఇద్దరు ఆడవాళ్లు, ఒక పసిపిల్లవాడు. విచారణ కమిషన్ వేశారు. ఎక్కువమంది నీళ్లలో మునిగి పోయారని అది తేల్చింది. నీళ్లలోకి తరిమిందెవరో చూసినవాళ్లకు తెలుసు.

లాఠీ ఎత్తింది కంపెనీ కాదు, పోలీసులు. అది నిజం. కాని 1885నూ 1999నూ పక్కపక్కన పెట్టి చూడండి. కంపెనీకి లెక్క తేడా వస్తే సర్కారు సైన్యాన్ని నడిపించింది. కూలీకి లెక్క తేడా వస్తే సర్కారు లాఠీని నడిపించింది. తెల్లదొరలు పోయారు, నల్లదొరలు వచ్చారు. లాఠీ మొగ్గు మాత్రం మారలేదు.

2024లో కంపెనీ ఆ తోటలు వదిలి పోవడానికి సిద్ధపడింది. అక్కడ పులుల అభయారణ్యం వుంది, అడవిని తిరిగి అడవిగానే వుంచాలంటున్నారు. అడవి నిలవాలనడంలో తప్పు లేదు. కాని మూడు నాలుగు తరాలు అక్కడే పుట్టి, అక్కడే ఆకు కోసి, అక్కడే పోయిన కుటుంబాల చేత స్వచ్ఛంద విరమణ కాగితాల మీద సంతకాలు పెట్టించి కొండ దిగమన్నారు. ప్రభుత్వ తేయాకు సంస్థే తోటలు నడపాలని కార్మికులు కోరితే ఆ డిసెంబరులో మద్రాసు హైకోర్టు ఒప్పుకోలేదు. అడవి కొట్టడానికి కూలీ కావాలి, అడవి పెంచడానికి కూలీ పోవాలి!

మన కొలకర్ర మన చేతిలో

ఇంత కథ చెప్పింది బిస్కెట్లు మానెయ్యమని కాదు. ఆ బిస్కెట్టు చేసిందీ మనలాటి కార్మికులే. మేం చెప్పదలచుకున్నది ఒక్కటే. రాజ్యం వున్నవాడు, సైన్యం వున్నవాడు, మంత్రుల సభ వున్నవాడు కూడా దుంగల లెక్క అడిగినందుకు సింహాసనం పోగొట్టుకున్నాడు. అలాంటప్పుడు ఒంటరి కూలీ ఒక్కడూ పోయి కొలత అడిగితే యేం జరుగుతుందో వేరే చెప్పాలా?

చెరువు మట్టి పనిలో మేమంతా గుంటలు తవ్వి దిగితే సాయంత్రానికి టేపు పట్టుకుని వచ్చినవాడు లోతు తగ్గించి రాసుకున్న రోజులు మాకు గుర్తున్నాయి. ఒకడు అడిగితే "నీకు చదువొచ్చా?" అన్నాడు. మర్నాడు నలభైమందిమి కలిసి, మా కర్ర మేం తెచ్చుకుని, అతని ముందే కొలిచాం. లెక్క సరిపోయింది. కర్ర మారలేదు, గుంట మారలేదు, పట్టుకున్న చేతులు మారాయి.

అందుకని ప్రతి గుంపులోనూ చదువొచ్చిన పిల్లో పిల్లాడో ఒక నోటుపుస్తకం పెట్టండి. యే రోజు యెంతమంది, యెంత పని, యెంత కూలి అన్నీ రాయించండి. దుంగ మీద ముద్ర వాడు కొట్టుకుంటాడు. మన చెమట మీద ముద్ర మనమే కొట్టుకోవాలి.