మా స్కూటరుకు పదిహేనేళ్ళు

మార్చి వస్తే మాకు పరీక్షలు. ఈసారి మా స్కూటరుకు కూడా పరీక్ష వచ్చింది. మనకైతే మార్కులు తగ్గుతాయి, దానికైతే రోడ్డెక్కే హక్కే పోతుంది. అందుకే ఇంట్లో అందరికీ దాని గురించే బెంగ.

మన దేశంలో సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు చెల్లుతుంది. ఆ పైన బండిని పరీక్షించి, బాగుంటే ఐదేళ్ళకోసారి పొడిగిస్తారు. ఆటోలు, లారీలు, స్కూలు బస్సులకు అంత తీరిక లేదు. ఎనిమిదేళ్ళు దాటితే వాటికి ఏటా ఫిట్‌నెస్ పరీక్షే. బండి ఆగితే ఆ రోజు సంపాదన కూడా ఆగిపోతుంది కాబట్టి, ఆటో నడిపే వాళ్ళ దిగులు మాకంటే ఎక్కువే.

ఖర్చు కూడా తక్కువేం కాదు. 2022 ఏప్రిల్ నుంచి పాత బండ్ల రిజిస్ట్రేషన్ పొడిగింపు ఫీజు స్కూటరుకు 300 రూపాయల నుంచి 1000కి, కారుకు 600 నుంచి 5000కి పెరిగింది. మరమ్మతులు వేరే.

బదిలీలయ్యే కుటుంబాలకు ఇంకో చిక్కుంది. బండి వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంటే అక్కడి నంబరు తీసుకోవాలి. అందుకు పాత ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం, తెచ్చుకోవాలి. మేము ఆ పని వాయిదా వేస్తూ వచ్చాం. చివరికి రెండు పనులూ ఒకేసారి మీద పడ్డాయి. 2021లో వచ్చిన భారత్ సిరీస్ నంబరుంటే రాష్ట్రం మారినా నంబరు మారదు. మా స్కూటరు కొన్నప్పుడు అది లేదు మరి!

పరీక్షలో బ్రేకులు, లైట్లు, హారన్, టైర్లు, పొగ చూస్తారు. చాసిస్ నంబరు కాగితంలో ఉన్నదేనా అనీ చూస్తారు. దానికి ‘పెన్సిల్ ప్రింట్’ కావాలి. బండి మీద చెక్కిన నంబరుపై పల్చని కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అంకెలు తేలతాయి. ఆ పని మాకే అప్పగించారు. తుప్పు వల్ల ఒక అంకె మూడో ఎనిమిదో తెలియలేదు. కిరోసిన్ గుడ్డతో తుడిచి, నాలుగో కాగితం మీద ఎనిమిదని తేల్చాం.

మొదటిసారి హెడ్‌లైటు వెలుగు మరీ పైకి పడుతోందని తిప్పి పంపారు. మెకానిక్ ఒక్క స్క్రూ తిప్పి సరిచేశాడు. రెండోసారి స్కూటరు పాసైంది.

ఐదేళ్ళ తర్వాత మేము ఏ ఊళ్ళో ఉంటామో! అమ్మ మాత్రం కాగితాలన్నిటికీ నాలుగేసి నకళ్ళు తీయించి బీరువాలో దాచింది.