దగ్గును దాచవద్దు

దగ్గు అందరికీ వస్తుంది. వారం పది రోజుల్లో పోతుంది. మూడు వారాలు దాటినా పోకపోతే? గళ్ళలో రక్తం పడితే? ఆయాసం వస్తే? మనిషి చిక్కిపోతూ ఉంటే? అది క్షయ కావచ్చు. ఊపిరితిత్తుల క్యాన్సర్ కూడా కావచ్చు. పరీక్ష చేస్తేగానీ తెలియదు.

2020లో కరోనా వచ్చింది. మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్ పెట్టారు. బస్సులు, రైళ్ళు ఆగిపోయాయి. ఆ రోజుల్లో చిత్తూరు జిల్లా పల్లెలో ఒక రైతు విడవకుండా దగ్గుతున్నాడనుకోండి.

"ఆసుపత్రికి పోదాం పదయ్యా" అంటుంది భార్య.

"వద్దులే. దగ్గుతా పోతే కరోనా అంటారు. ఊళ్ళో ఎవురూ దగ్గరికి రారు" అంటాడు అతను.

ఇట్లా దగ్గును దాచుకున్నవాళ్ళు ఉన్నారు.

పోదామన్నా దారి కష్టమే. చిత్తూరు వైపు వాళ్ళు పెద్ద జబ్బు వస్తే వేలూరు సి.ఎం.సి. ఆసుపత్రికి పోతారు. అది తమిళనాడులో ఉంది. 2020 ఏప్రిల్‌లో వేలూరు జిల్లా అధికారులు కరోనా రాకుండా సరిహద్దులో రెండు రోడ్లకు అడ్డంగా గోడలే కట్టించారు. తర్వాత తీసేశారు. తిరుపతిలో పద్మావతి ఆసుపత్రిని కరోనా రోగులకే కేటాయించారు.

ఆసుపత్రికి చేరినా చిక్కులే. ముందు ఎక్స్‌రే, స్కానింగ్ తీయాలి. గడ్డ కనిపిస్తే ముక్క తీసి పరీక్షించాలి. దానికి కొందరికి గొంతులోంచి సన్నని గొట్టం పంపుతారు. అప్పుడు రోగి దగ్గుతాడు. అతనికి కరోనా ఉంటే డాక్టరుకు అంటుకుంటుంది. అందుకని చాలాచోట్ల ఆ పరీక్ష తగ్గించారు.

మరి ఆపరేషన్? మన కుడి ఊపిరితిత్తిలో మూడు భాగాలు ఉంటాయి. ఎడమ దానిలో రెండు. గడ్డ ఒక భాగంలోనే ఉంటే ఆ భాగాన్ని తీసేస్తారు. మిగిలిన వాటితో మనిషి బతుకుతాడు. ఆపరేషన్ తర్వాత రోగిని కనిపెట్టుకుని ఉండటానికి ఐ.సి.యు. మంచం కావాలి. ఆ మంచాలు కరోనా రోగులతో నిండాయి. ఆపరేషన్లు వాయిదా పడ్డాయి.

క్యాన్సర్ మాత్రం వాయిదా పడదు. ముదిరి వేరే అవయవాలకు పాకితే, మామూలుగా ఆపరేషన్‌తో నయం కాదు. మందులతో, కరెంటు వైద్యంతో అదుపు చేయాల్సిందే.

ఒక మేలు కూడా జరిగింది. కరోనా కోసం తీసిన స్కానింగులో కొందరికి గడ్డ చిన్నగా ఉన్నప్పుడే బయటపడింది.

2022లో తిరుపతిలో అలిపిరి దగ్గర క్యాన్సర్ ఆసుపత్రి ప్రారంభమైంది. ఇప్పుడు వైద్యం దగ్గరికి వచ్చింది. మనమే ముందుగా పోవాలి.

బీడీ, చుట్ట మానండి. ఇంకో అంటురోగం ఎప్పుడైనా రావచ్చు. అప్పుడు మాస్కు కట్టుకోండి. కానీ మూడు వారాల దగ్గును దాచవద్దు. దగ్గేవాళ్ళను వెలివేయవద్దు. ఆసుపత్రికి తోడు పోండి.