ఎర - ఎరుక

చేపను పట్టడానికి వల ఒక సాధనం, గాలం మరొక సాధనం. వలకు విస్తృతి ప్రధానం. గాలానికి ఎరుక ప్రధానం. నీటి అడుగున సంచరించే జీవి దేనిని ఆహారంగా గుర్తిస్తుందో తెలియనివాడు గాలం వేసి ఎంతసేపు కూర్చున్నా ప్రయోజనం అంతంతమాత్రమే.

మంచినీటి చేపలలో కొన్ని నాచును, మొక్కలను తిని జీవిస్తాయి. మరికొన్ని ఇతర జీవులను వేటాడతాయి. మన చెరువులలోని కొర్రమీను, ఐరోపా సరస్సులలోని పైక్, అమెరికా జలాశయాలలోని లార్జ్‌మౌత్ బాస్ ఈ రెండవ కోవకు చెందినవి. ఇవి నీటిమొక్కల చాటున పొంచి ఉండి, చేరువకు వచ్చిన చిన్న చేపను, కప్పను ఒక్క ఉదుటున అందుకుంటాయి. కదలికే వీటిని వేటకు పురికొల్పుతుంది. కాబట్టి వీటికై రూపొందించే కృత్రిమమైన ఎరకు ఆకారంతోపాటు చలనమూ ముఖ్యమే.

అటువంటి ఎరలలో జిగ్ ఒకటి. కొక్కెం మెడ వద్ద లోహపు గుండును పోతపోసి దీనిని తయారు చేస్తారు. దారం కట్టే కన్ను గుండు పైభాగాన ఉండడం వల్ల కొక్కెం మొన పైకి తిరిగి ఉంటుంది. రాళ్లకు, వేళ్లకు అంతగా చిక్కుకోదు. దీనికి మెత్తని ప్లాస్టిక్‌తో చేసిన చేపనో, వానపామునో తొడుగుతారు. ఇటువంటి ప్లాస్టిక్ వానపామును 1949లో అమెరికాలోని ఒహైయో రాష్ట్రంలో నిక్ క్రీమ్ దంపతులు రూపొందించారు.

గాలపు కర్ర కొనను కొద్దిగా ఎత్తితే జిగ్ అడుగు నుంచి ఎగురుతుంది. దించితే తోక ఆడిస్తూ కిందికి జారుతుంది. గాయపడిన చిన్న చేప కూడా ఇలాగే తడబడుతుంది. వేటాడే చేప ఆ కదలికను కంటితో చూస్తుంది. దేహానికి ఇరుపక్కల ఉండే పార్శ్వరేఖ అనే ఇంద్రియంతో నీటి ప్రకంపనలను గ్రహిస్తుంది. తరచుగా ఎర జారుతున్న క్షణంలోనే దానిని అందుకుంటుంది. చలికాలంలో నీటితోపాటు చేప దేహమూ చల్లబడి చురుకు తగ్గుతుంది. అప్పుడు ఎరను నిదానంగా కదపాలి.

అయితే ఈ ఎరుక చేపతోనే ముగియరాదు. జిగ్ గుండ్లను చాలాకాలంగా సీసంతో పోస్తున్నారు. అది బరువైనది, చౌకైనది, తక్కువ వేడికే కరిగేది, కాని విషపూరితం. దారం తెగితే అది నీటిలోనే మిగిలిపోతుంది. ఆహారాన్ని నూరుకోవడానికి గులకరాళ్లను మింగడం హంసలకు సహజం. బ్రిటన్‌లో అవి ఆ రాళ్లతోపాటు గాలాల నుంచి జారిన సీసపు గుండ్లనూ మింగేవి. సీసం కడుపులో అరిగి రక్తంలో కలిసేది. కండరాలు సడలి, మెడ నిలపలేక, ఆహారం దిగక అవి మరణించేవి. 1987లో అక్కడ ఇటువంటి సీసపు గుండ్లలో అధిక భాగం విక్రయాన్ని నిషేధించారు. తరువాత హంసల సంఖ్య మళ్లీ పెరిగింది. అమెరికాలో లూన్ అనే నీటిపక్షులు సీసపు జిగ్‌లకు బలికావడంతో, న్యూహాంప్‌షైర్ రాష్ట్రం 2016లో చిన్న సీసపు జిగ్‌లను నిషేధించింది.

సీసానికి బదులుగా నేడు టంగ్‌స్టన్, తగరం, బిస్మత్ లభిస్తున్నాయి. టంగ్‌స్టన్ ధర ఎక్కువే; కాని సీసం కన్నా సాంద్రమైనది కనుక చిన్న గుండే సరిపోతుంది.

పాలను నీటి నుంచి వేరుచేసే వివేకాన్ని మన కవులు హంసకు ఆపాదించారు. ఆ హంస గులకరాయిని సీసపు గుండు నుంచి వేరుచేయలేకపోయింది. ఆ భేదం తెలిసినవాడు మానవుడు. తెగిన దారాన్ని, చిరిగిన ప్లాస్టిక్ ఎరను నీటి ఒడ్డున వదలక వెంట తీసుకుపోవడం కూడా గాలం వేసేవాడు నేర్వవలసిన విద్యలో భాగమే.