ఏకేనా, ఏఆర్‌నా? అసలు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది

మన మూసాపేట రూమ్ నుంచి ఇంకో ఎపిసోడ్. మధ్యలో సౌండ్ వస్తే ఏమనుకోకండి, పక్కనే మెట్రో లైన్.

పోయిన వారం డాలస్ నుంచి మా బీటెక్ ఫ్రెండ్ వీడియో కాల్ చేశాడు. హెచ్‌వన్‌బీ మీద ఉన్నాడు. "మామా, ఇంట్ల సేఫ్టీకి ఒక రైఫిల్ తీసుకుందామనుకుంటున్నా. ఏకేనా, ఏఆర్-15నా? ఏది నమ్మకంగా పని చేస్తది?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. హాస్టల్లో పబ్జీ ఆడుతూ ఏకేఎమ్మా, ఎం416ఆ అని ఇద్దరం ఇదే కొట్లాట పెట్టుకునేవాళ్లం. కానీ ఈసారి వాడు అడిగింది గేమ్ గురించి కాదు కదా. అందుకే కూర్చొని సీరియస్‌గా చదివాను.

ముందు రిలయబిలిటీ సంగతి చూద్దాం. ఏకే-47లో కదిలే భాగాల మధ్య కావాలనే కాస్త ఖాళీ వదిలారు. దుమ్ము, బురద పడినా తొందరగా ఆగదు. ఏఆర్-15 బిగుతుగా ఉంటుంది, గురి బాగుంటుంది, కానీ శుభ్రం చేస్తూ నూనె పెడుతూ ఉండాలి. దాని మిలిటరీ రూపమే ఎం16. 1960ల్లో వియత్నాంలో అది జామ్ అయి చాలా చెడ్డపేరు తెచ్చుకుంది. కారణం డిజైన్ ఒక్కటే కాదు. తూటాలో పౌడర్ మార్చారు, తూటా కూర్చునే చాంబర్‌కి క్రోమ్ పూత వేయలేదు, సైనికులకు క్లీనింగ్ కిట్లు సరిగా ఇవ్వలేదు. అవన్నీ సరిచేశాక బాగానే పని చేసింది. మన ఇన్సాస్ మీద కూడా 1999 కార్గిల్‌లో చలికి మ్యాగజైన్లు పగులుతున్నాయని ఫిర్యాదులొచ్చాయి. మన భాషలో చెప్పాలంటే, కోడ్ ఒక్కటి బాగుంటే సరిపోదు, అది రన్ అయ్యే ఎన్విరాన్‌మెంట్ కూడా బాగుండాలి.

ఇక పవర్. 9 ఎంఎం పిస్టల్ తూటా శక్తి సుమారు 500 జూల్స్. ఏఆర్-15 వాడే 5.56 తూటాది సుమారు 1,700. ఏకే తూటాది 2,000 దాకా. మరి వేటకు వాడే .30-06 రైఫిల్‌ది? 3,500 పైనే! అంటే తూటాకి తూటా లెక్కేస్తే ఏఆర్ కంటే వేట తుపాకీయే బలమైనది. మరి ఏఆర్ అంటే అంత భయం ఎందుకు? 30 తూటాల మ్యాగజైన్, తక్కువ కుదుపు, వెంటవెంటనే కాల్చగలగడం. మామూలు జనానికి అమ్మేది ఫుల్ ఆటో కాదు, ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్క తూటానే. అయినా ఆ మూడూ కలిస్తే చాలు. ఇంకో మాట, ఏఆర్ అంటే అసాల్ట్ రైఫిల్ కాదు, ఆర్మలైట్ రైఫిల్. అది కంపెనీ పేరు.

మన దగ్గర ఈ డిబేటే లేదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం ఆటోమేటిక్ తుపాకులు, 5.56, 7.62 లాంటి సైన్యం బోర్లు ప్రొహిబిటెడ్. అనుమతి లేకుండా ఇంట్లో ఉంటే 2019 సవరణ తర్వాత కనీసం 7 ఏళ్లు, గరిష్ఠంగా 14 ఏళ్లు జైలు. లైసెన్స్ ఉన్నవాళ్లకు మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలు చేసిన .315 బోల్ట్ యాక్షన్ లాంటివి దొరుకుతాయి. ప్రతి తూటాకీ చేత్తో బోల్ట్ లాగాలి.

అమెరికాలో ఉన్న మనవాళ్లు ఇక్కడ జాగ్రత్తగా వినండి. ఎఫ్-1, హెచ్‌వన్‌బీ లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ, తూటా గానీ దగ్గర పెట్టుకోవడం అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. రేంజ్‌లో అద్దెకు తీసుకుని కాల్చినా అదే రూల్. శిక్ష 15 ఏళ్ల దాకా ఉండొచ్చు. సరదాగా పెట్టిన రేంజ్ రీల్ మీ మీదే సాక్ష్యం అవుతుంది.

ఇప్పుడు అసలు విషయం. 2023 మేలో డాలస్ దగ్గర ఆలెన్ మాల్‌లో ఒకడు ఏఆర్-15 తరహా రైఫిల్‌తో 8 మందిని చంపాడు. వాళ్లలో మన హైదరాబాద్ అమ్మాయి ఉంది, ఇంజనీర్. 2024 నవంబర్‌లో మన దగ్గర్నుంచి వెళ్లిన ఒక స్టూడెంట్ అట్లాంటాలో తన వేట తుపాకీ శుభ్రం చేస్తుంటే అది పేలి చనిపోయాడు. ఆ రోజు అతని పుట్టినరోజు.

రెండు చోట్లా తుపాకీ జామ్ కాలేదు. నమ్మకంగానే పని చేసింది.

సైనికుడికి ఆ నమ్మకం ప్రాణం. వాడి వెనక ట్రైనింగ్ ఉంటుంది, ఆర్డర్ ఇచ్చేవాళ్లు ఉంటారు, లెక్క అడిగేవాళ్లు ఉంటారు. ఇంట్లో అవేవీ ఉండవు. పట్టుకున్న చెయ్యి ఎవరిదో, ఎదురుగా ఉన్నది దొంగో చెల్లెలో తుపాకీ అడగదు. గురి తప్పిన తూటా అక్కడి ఇళ్ల పల్చటి జిప్సమ్ గోడల్ని దాటి పక్క గదిలోకి పోతుంది. కాబట్టి ఏది ఎక్కువ నమ్మకంగా పేలుతుందని కాదు, పేలకూడనప్పుడు పేలితే ఏంటని అడగాలి.

ఇదంతా మావాడికి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "సరే మామా, ముందు డోర్ లాక్ మార్పిస్తా, కెమెరా పెట్టిస్తా" అన్నాడు. నాకు ఆ రాత్రి హాయిగా నిద్ర పట్టింది.

యూఎస్‌లో ఉన్న మీ ఫ్రెండ్‌కి ఈ ఎపిసోడ్ పంపండి. వీసా రూల్ ఒక్కటి తెలిసినా చాలు. మళ్లీ కలుద్దాం, ఉంటా మరి!