చార్మినార్ ముచ్చట

హైదరాబాదు పాతబస్తీ నడుమ చార్మినార్ ఉంది. దాని పేరు వినని వారుండరు. 'చార్' అంటే నాలుగు. 'మినార్' అంటే ఎత్తయిన స్తంభం. నాలుగు మూలల్లో నాలుగు మినార్లు ఉన్నాయి. అందుకే ఆ పేరు వచ్చింది.

దీన్ని 1591లో కట్టించారు. కట్టించినవాడు గోల్కొండను ఏలిన మహమ్మద్ కులీ కుతుబ్ షా. హైదరాబాదు నగరాన్ని వేసింది కూడా ఆయనే. రాయితో, సున్నంతో కట్టారు. ఎత్తు సుమారు 56 మీటర్లు. పై అంతస్తులో మసీదు ఉంది. 1889లో నాలుగు వైపులా నాలుగు గడియారాలు పెట్టారు.

పాతబస్తీలో పుట్టి పెరిగిన ఆడవాళ్లను అడగండి. చిన్ననాటి ముచ్చట్లు ఎన్నో చెబుతారు. పండుగొస్తే అమ్మ చెయ్యి పట్టుకొని లాడ్ బజారుకు పోయేవారు. అది చార్మినార్ పక్కనే ఉంది. అక్కడ లక్క గాజులు అమ్ముతారు. నిప్పుల మీద లక్కను మెత్తబరుస్తారు. రంగు కలుపుతారు. సాగదీసి గాజులా చుడతారు. ఆపైన అద్దాలు, మెరిసే రాళ్లు అద్దుతారు. ఈ పనితో ఎందరో ఆడవాళ్లు ఇల్లు నడుపుకుంటున్నారు. 2024లో ఈ గాజులకు ప్రభుత్వ గుర్తింపు వచ్చింది. ఇవి హైదరాబాదు సరుకే అని ఆ గుర్తింపు చెబుతుంది.

మినార్ లోపల 149 మెట్లు ఉన్నాయి. అవి గుండ్రంగా తిరుగుతూ పైకి పోతాయి. ఆ మెట్లు లెక్కపెట్టడం పిల్లలకు ఆట.

ఇంత గట్టి కట్టడానికీ కష్టాలు వచ్చాయి. బండ్ల పొగకు గోడలు నల్లబడ్డాయి. 2019 మే నెలలో ఒక మినార్ నుంచి సున్నపు పెచ్చు ఊడి కింద పడింది.

ఇంకో సంగతి ఉంది. చూడవచ్చిన కొందరు గోడల మీద పేర్లు చెక్కారు. చదువు రానివాళ్లు పేరు ఎలా చెక్కుతారు? రాత వచ్చినవాళ్లే ఈ పని చేశారు! ఒక్క గీతే కదా, ఏమవుతుందిలే అనుకుంటారు. కానీ రాతికి సున్నపు పూతే కాపు. పూత మీద గీత పడితే అందులోకి వాననీళ్లు దిగుతాయి. పూత ఉబ్బుతుంది, ఊడిపోతుంది. ఇలాంటి రక్షిత కట్టడాలను పాడు చేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. రెండూ కూడా పడవచ్చు.

అక్కలారా, చెల్లెళ్లారా! మీకు ఇప్పుడు రాత వచ్చింది. మీ ఊరిలోనూ పాత కోటో, బురుజో, గుడో, మసీదో, చెరువు గట్టో ఉంటుంది. చిన్నప్పుడు మీరు అక్కడ ఆడుకొని ఉంటారు. ఆ ముచ్చట పిల్లలకు చెప్పండి. నోట్‌బుక్కులో రాసి పెట్టండి. గోడ మీద మాత్రం రాయకండి. రాసేవాళ్లు కనబడితే ఆపండి.

ఆలోచించండి:
1. మీ ఊరిలో అన్నిటికన్నా పాత కట్టడం ఏది?
2. దాన్ని ఎవరు కట్టించారు? ఊరి పెద్దలను అడగండి.
3. అది చెడిపోకుండా మీరంతా కలిసి ఏం చేయవచ్చు?